‘పాశేర్ బాడి’లో లేని అమ్మాయి ‘పక్కింటి’కి ఎలా వచ్చింది?

ప్రశ్న

1952 నాటి బెంగాలీ హాస్య ప్రేమకథ ‘పాశేర్ బాడి’ని మరుసటేడే మనవాళ్ళు ‘పక్కింటి అమ్మాయి’గా తీశారు కదా. బెంగాలీ పేరుకి అర్థం ఉత్త ‘పక్కిల్లు’ అట. తెలుగులో ‘పక్కిల్లు’ అని పెడితే వ్యాకరణం ఒప్పుకోదా? ఇంకోటి. హీరోయిన్లను ‘పక్కింటమ్మాయిలా ఉంది’ అని పత్రికలవాళ్ళు మెచ్చుకుంటారే, ఆ మాట ఈ సినిమాతోనే పుట్టిందని మా మిత్రుడి వాదన. పెద్దలు తేల్చాలి.

జవాబు

వ్యాకరణానికి ఏ అభ్యంతరమూ లేదండీ. పక్క, ఇల్లు కలిస్తే పక్కిల్లు. శుభ్రమైన మాట. చిక్కల్లా ‘పక్కింటి’ దగ్గరే. ‘ఇల్లు’ ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరేటప్పుడు రూపు మారే మాట. కన్ను కంటి అయినట్టు, ముల్లు ముంటి అయినట్టు ఇల్లు ఇంటి అవుతుంది. అలా అయ్యాక ఒంటరిగా నిలవదు, వెనకాల ఎవరో ఒకరు ఉండాలి: పక్కింటి పిన్నిగారు, పక్కింటి గొడవ, పక్కింటి కోడి. మన నోటికి పక్కిల్లు ఎప్పుడూ ఇలా ఇంకొకరిని వెంటబెట్టుకునే వస్తుంది. ‘పక్కిల్లు’ అని ఊరికే అంటే అమ్మకానికి పెట్టారేమో అనిపిస్తుంది.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పక్కింట్లో ఉన్న సంగీతం పిచ్చి అమ్మాయిని ఓ అమాయకుడు ప్రేమిస్తాడు. తనకేమో పాట రాదు. వెనక నుంచి స్నేహితుడు పాడుతుంటే ఇతను పెదవులు కదుపుతాడు. అరుణ్ చౌధురి కథకి సుధీర్ ముఖర్జీ దర్శకుడు, సలీల్ చౌధురి సంగీతం. సాబిత్రీ చటర్జీ, భాను బందోపాధ్యాయ నటించారు. తెలుగులో సి. పుల్లయ్య తీశారు; రేలంగి, అంజలీదేవి జంట. గొంతు అరువిచ్చే స్నేహితుడు ఎ.ఎం. రాజా! గాయకుడే గాయకుడి వేషం కట్టడం నాకు భలే ముచ్చట. 1981లో కె. వాసు మళ్ళీ అదే పేరుతో తీసినప్పుడు ఆ పాత్ర బాలసుబ్రహ్మణ్యం గారికి దక్కింది.

ఇక పేర్లు చూడండి. తమిళంలో 1960లో ‘అడుత్త వీట్టుప్ పెణ్’, కన్నడంలో 2004లో ‘పక్కద్మనె హుడుగి’. దక్షిణాదిలో మూడు భాషలూ ఇంటికి అమ్మాయిని తగిలించాయి. 1968 హిందీలో ఇల్లు ఎగిరిపోయి అమ్మాయి ఒక్కతే మిగిలింది: ‘పడోసన్’. బెంగాలీలో మాత్రం ఇల్లే ఉంది, అమ్మాయి లోపలెక్కడో ఉంది. నా మటుకు నాకు బెంగాలీ పేరే ఎక్కువ నచ్చుతుంది. కథంతా ఆ కిటికీకీ ఈ కిటికీకీ మధ్య నడుస్తుంటే ఇంటి పేరు పెట్టడమే న్యాయం.

ఖరగ్‌పూర్ నుంచి

మాది రైల్వే కుటుంబం, ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. ఒక సంగతి చెప్పాలి. బాడి అంటే ఉత్త గోడలూ కప్పూ కాదు. ‘ఆప్నార్ బాడి కోథాయ్’ అని అడిగితే మీ సొంతూరు ఏదని. మనం ‘మీదే ఊరండీ’ అనే చోట వాళ్ళు బాడి అంటారు. పుట్టిల్లు బాపేర్ బాడి, అత్తారిల్లు శ్వశుర్ బాడి. గదిని ‘ఘర్’ అంటారు, అద్దెకున్న చోటు ‘బాశా’. అందుకని ‘పాశేర్ బాడి’ అనగానే అక్కడి మనుషులు కూడా మనసులోకి వచ్చేస్తారు. వేరే అమ్మాయి అని చెప్పక్కర్లేదు.

ఇంకో మనవి. దాన్ని ‘బారి’ అని రాసేవాళ్ళున్నారు, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి. బెంగాలీలో అది కింద చుక్క పెట్టిన డ. బాడి అనే రాయండి. అయితే చివర దీర్ఘం మాత్రం వద్దు, పక్కింట్లో శవం ఉన్నట్టుంటుంది.

జవాబు

బాగా చెప్పారమ్మా. కానీ మన ‘ఇల్లు’ మరీ అంత బోలుదేం కాదు. ఇంటిపేరులో వంశం ఉంది, ఇంటివాడయ్యాడంటే పెళ్ళయిందని, ఇల్లాలిలో ఇల్లుంది. ‘పక్క’ చేరేసరికే తేలికైపోతుంది.

మరొకరు

‘పడోసన్’కి తెలుగులో సరిజోడు మాట లేకనే ఇలా చేశారేమో? ‘పొరుగు’ ఉందిగా?

జవాబు

పొరుగమ్మ ఉంది. కానీ ఇరుగమ్మ, పొరుగమ్మ అనగానే అరుగు మీద కూర్చుని మనింటి సంగతులు ఆరా తీసే నడివయసు ఆవిడ కనిపిస్తుంది. ఆ పేరు పెడితే అంజలీదేవికి ఇరవయ్యేళ్ళు మీద పడేవి! పడోసన్‌లో ఆ బరువు లేదు, ఏ వయసుకైనా అతుకుతుంది. బెంగాలీలోనూ దాని చుట్టం ‘పొడ్శి’ ఉంది, కానీ వాళ్ళు వాడుకోలేదు.

ఇక మీ మిత్రుడి వాదన. నాకు నమ్మకం కుదరడంలేదు. సినిమా పేరులో ‘లా’ లేదు చూశారా. ఆ అమ్మాయి నిజంగానే పక్కింట్లో ఉంది. పత్రికల్లోది ‘పక్కింటమ్మాయిలా’. అంటే ఆర్భాటం లేని, తెలిసినపిల్లలాంటి అని. అది ఇంగ్లీషు సినిమా రాతల నుంచి దిగుమతి అయిందనే నా అభిప్రాయం. మన నుడికారంలో ఆ మెప్పుకి ‘మనింటి పిల్లలా ఉంది’ అంటాం. పొరుగింటి పుల్లకూర రుచి అన్న జాతి మనది. పక్కిల్లు మనకి ఊరించే చోటు, అణకువకి గుర్తు కాదు. పుల్లయ్యగారి సినిమా కూడా ఊరింపు సినిమాయే కదా.

ఖరగ్‌పూర్ నుంచి

ఇక్కడి పత్రికలూ ‘పాశేర్ బాడిర్ మేయే’ అని అచ్చం అదే అర్థంలో రాస్తాయి. సినిమా పేరులో లేని ‘మేయే’ దాంట్లో చేరిందంటే, అదీ మీరన్న దిగుమతి సరుకే అయివుంటుంది.

ప్రశ్న అడిగినవారు

మిత్రుడికి చూపించాను. ఒప్పుకోలేదు, కొత్త ప్రశ్న వేశాడు. మగవాళ్ళ విషయంలో ‘పక్కింటి కుర్రాడు’ అంటారు. ‘పక్కింటి అబ్బాయి’ అంత జోరుగా వినపడదు. అమ్మాయికి జతగా అబ్బాయి ఉండాలి కదా, కుర్రాడెందుకయ్యాడు?

జవాబు

‘పక్కింటబ్బాయి’ అంటే వాళ్ళ నాన్నగారు మనకి తెలుసు, కాస్త మర్యాద ఉంది. కుర్రాడికి ఆ మొహమాటం లేదు, పిలిచి పని చెప్పొచ్చు. ఆడపిల్ల విషయంలో ‘పక్కింటి పిల్ల’ అంటే చనువు ఎక్కువైపోయి ఎవరైనా అభ్యంతరం చెప్తారేమోనని పత్రికలవాళ్ళు ‘అమ్మాయి’ దగ్గరే ఆగినట్టున్నారు. తెలంగాణలో ‘పోరడు, పోరి’ జంట ఉంది గదా, అక్కడివాళ్ళు ‘పక్కింటి పోరి’ని మెప్పుగా వాడతారా, తిట్టుగానా? వరంగల్, కరీంనగర్ వైపువాళ్ళెవరైనా చెప్పాలి.