చిమ్మెట: రొద చేసేదా, ఉన్ని కొట్టేదా?

పదశోధి: బైబిలులో మత్తయి 6:19లో "చిమ్మెటయు, తుప్పును తినివేయును" అన్న ముక్క పట్టుకుని వదలడం లేదు. చిమ్మటల రొద అంటే రాత్రిళ్లు కీచుమనే పురుగు కదా, అది బట్టలు ఎందుకు కొడుతుంది? చిమ్మట, చిమ్మెట వేరువేరా? తేడా అంతా ఆ ఎకారంలోనే ఉందా?

కీటకప్రియ: పురుగు మాత్రం ఖాయం. గ్రీకు మూలంలో 'సేస్', ఉన్నిని కొట్టే బట్టల పురుగు. రెక్కలది గడ్డిరంగులో మెరుస్తూ 6-7 మి.మీ. ఉంటుంది, నెత్తిన ఎర్రటి కుచ్చు. అది ఏమీ తినదు. తినేదంతా పిల్లపురుగే: తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల. ఆడది పోగుల సందున 40-50 గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు దశ 2 నెలలు. చలీ, తిండి కరువూ ఉంటే 2 ఏళ్ల దాకా సాగుతుంది.

అమరం: దీపప్పురుగు అంటే సరిపోయేదిగా! అమరకోశంలో "సమౌ పతంగశలభౌ", పతంగమన్నా శలభమన్నా ఒకటే. కాళిదాసు కుమారసంభవం 3వ సర్గలో మన్మథుడు "పతంగవద్వహ్నిముఖం వివిక్షుః", పతంగంలా మంటలోకి దూకబోయేవాడు. 4వ సర్గలో "శలభత్వం హరలోచనార్చిషి", శివుడి కంటిమంటలో శలభమే అయ్యాడు. బాణం ఎక్కుపెట్టేటప్పుడు 'వత్', పోలిక మాత్రమే. కాలాక 'త్వం', అదే అయిపోయాడు. ఒక్క ప్రత్యయంతో చితి పేర్చాడు కాళిదాసు!

కీటకప్రియ: శ్లోకం గొప్పదే, ఈ పురుగు మాత్రం అందులో ఇమడదండీ. ఇది వెలుతురు చూస్తే మడతల్లోకి దూరుతుంది. దీపం పెట్టి వెతికితే దొరకదు. కాలరు కింద, కుట్ల వెంట పట్టుదారపు గొట్టాలు, ఇసుకరేణువుల్లాంటి పెంటికలు చూడాలి. పెంటికలు తరచు బట్ట రంగులోనే ఉంటాయి, అందుకే కంటికి ఆనవు. దానికి కావలసింది కెరటిన్, ఉన్నిలో, వెంట్రుకల్లో ఉండే ప్రోటీన్. నూలు జోలికి రాదు, చెమటో తిండి మరకో ఉంటే తప్ప. అందుకే ఉతక్కుండా దాచిన బట్టే ముందు పోతుంది. పురుగు పట్టినదాన్ని సంచిలో గట్టిగా మూసి −18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచాలి.

ఈతిబాధ: శలభం దీపప్పురుగేనని తేల్చేయకండి. "అతివృష్టిరనావృష్టిః శలభా మూషకాః శుకాః" అని పంటకు వచ్చే ఈతిబాధలు లెక్కపెట్టినచోట మిడతే. పంట తినేది మరి.

పదశోధి: ఆ 'తుప్పు' గ్రీకులో 'బ్రోసిస్', అంటే తినడం. లోహం మాటే లేదు! అదీ పురుగు పనేనా?

అమరం: అయితే బైబిలులోనే యెషయా 51:8 చూడండి. హీబ్రూలో 'ఆష్', 'సాస్' అని రెండు మాటలు. ఒకటి రెక్కలది, ఒకటి పిల్లపురుగు అని నా ఊహ.

కీటకప్రియ: అక్కడ రెండూ తింటున్నాయండీ. రెక్కలది తినదని పైనే చెప్పాను.