సూపర్‌హీరో కామిక్స్‌లో మనసును కదిలించే కథలు నిజంగా ఉన్నాయా?

రెండో_పేజీ:
నమస్కారం. సూపర్‌హీరోలతో నా పరిచయం తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చిన సినిమాల వరకే. వాటిలో కూలిన భవనాలు తప్ప నాకేమీ గుర్తుండవు. కామిక్స్ చదివే మిత్రులు మాత్రం ఆ పుస్తకాల్లో ఏడిపించే కథలున్నాయంటారు. బుల్లెట్ దిగనివాడికి, గోడలెక్కేవాడికి కష్టం వస్తే మనకు దిగులెందుకు? గెలుపు ముందే ఖాయమైన కథలో బాధకు చోటెక్కడిది? దయచేసి ఉదాహరణలతో చెప్పండి. కథ ముందే తెలిసిపోయినా నాకు అభ్యంతరం లేదు.

పాతసంచికలు:
జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉందండి. ఆ శక్తి ఎందుకూ కొరగాని చోటికి కథను తీసుకెళ్లిన రచయితలే పాఠకులను కదిలించగలిగారు. 1973 జూన్ నాటి ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 121వ సంచిక చూడండి. జెర్రీ కాన్వే రాయగా గిల్ కేన్ బొమ్మలు వేసిన ఆ కథలో, పీటర్ పార్కర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) ప్రేమించిన గ్వెన్ స్టేసీని అతని శత్రువు గ్రీన్ గాబ్లిన్ వంతెన మీది నుంచి తోసేస్తాడు. స్పైడర్‌మ్యాన్ వదిలిన సాలెదారం ఆమె కాలిని అందుకుంటుంది. సరిగ్గా ఆ బొమ్మలోనే ఆమె మెడ పక్కన ‘స్నాప్’ అన్న చిన్న అక్షరాలుంటాయి. అవి మనకు కనిపిస్తాయి, అతనికి కనిపించవు. అందుకే ఆమెను పైకి లాగుతూ తన నేర్పును తానే మెచ్చుకునే అతని మాటలు చదవడం దుర్భరమవుతుంది. అంత వేగంగా పడుతున్న మనిషి ఒక్కసారిగా ఆగడం వల్లే ప్రాణం పోయిందని తర్వాత ఉత్తరాల శీర్షికలో వివరణ వచ్చింది. అంటే, కాపాడబోయిన చెయ్యి కూడా ఆ చావుకు ఒక కారణమే.

సందేహి:
గ్వెన్ కథ గురించి ఒప్పుకుంటాను గానీ, ఈ పుస్తకాల్లో చావుకు విలువ లేకుండా చేసినవారు కూడా ప్రచురణకర్తలే. 1992లో సూపర్‌మ్యాన్‌ను ఎంతో ఆర్భాటంగా చంపి మరుసటి ఏడే వెనక్కి తెచ్చారు! నా దృష్టిలో ఇంతకన్నా నిజాయితీగల కథ, 1982లో జిమ్ స్టార్లిన్ రాసి బొమ్మలు కూడా తానే గీసిన ‘ద డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్’. అందులో మార్‌-వెల్ (కెప్టెన్ మార్వెల్ అసలు పేరు) యుద్ధంలో పోడు. ఎప్పుడో ఒక శత్రువుతో తలపడినప్పుడు పీల్చిన విషవాయువు వల్ల వచ్చిన క్యాన్సర్‌తో మంచాన పడతాడు. సాటి హీరోల్లోని శాస్త్రవేత్తలందరూ మందు కోసం వెతికి చేతులెత్తేస్తారు. అతనికి శక్తినిస్తూ అంతకాలం నిలబెట్టిన చేతి కడియాలే చికిత్సకు అడ్డుపడతాయి. ఇన్ని తెలివితేటలున్న మీరు ఈ జబ్బు సంగతి ఇంతవరకూ ఎందుకు పట్టించుకోలేదని అతని మిత్రుడు రిక్ జోన్స్ వాళ్లను నిలదీసే ఘట్టం నాకు మరణఘట్టం కన్నా గట్టిగా తగిలింది. స్టార్లిన్ తండ్రి అంతకు కొద్దికాలం ముందే క్యాన్సర్‌తో మరణించారు. రోగి మంచం పక్కన ఏం మాట్లాడాలో తోచని మనుషుల ఇబ్బంది ఆ పుటల్లో అంత సహజంగా ఉండటానికి అదే కారణం కావచ్చు.

నీలిసిరా:
శత్రువే లేని కథ కూడా ఒకటుందండి. 1984 జనవరి తేదీతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 248వ సంచికలో, అసలు కథ తర్వాత రోజర్ స్టెర్న్ రాసి రాన్ ఫ్రెంజ్ బొమ్మలు వేసిన చిన్న కథ అది. స్పైడర్‌మ్యాన్ గురించిన వార్తల కత్తిరింపులు దాచుకునే టిమ్ అనే పిల్లవాడి దగ్గరికి ఒక రాత్రి అతనే వచ్చి, కబుర్లు చెప్పి, అడిగితే ముసుగు తీసి తన పేరు కూడా చెబుతాడు. ఇంత పెద్ద రహస్యాన్ని చిన్నపిల్లవాడికి ఎందుకు చెప్పాడా అని మనం తికమకపడుతుండగా, ఆ గది క్యాన్సర్ చికిత్సాలయంలోదని చివరలో తెలుస్తుంది. పిల్లవాడిని బతికించడం అతని వల్ల కాదు. ఇవ్వగలిగింది ఇచ్చాడు.

రెండో_పేజీ:
అందరికీ ధన్యవాదాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటిలో ఏది ముందు చదవాలి?

పాతసంచికలు:
టిమ్ కథతో మొదలుపెట్టండి, దానికి ముందువెనుకలు తెలియనవసరం లేదు. గ్వెన్ కథ 122వ సంచికతో గానీ పూర్తికాదు కనుక ఆ రెండూ కలిపి చదవాలి. మార్‌-వెల్ కథలో పాత పాత్రలు చాలా వస్తాయి, దాన్ని ఆఖరికి ఉంచుకోండి.