మరో చెంప, రెండో మైలు: యూత్‌కు ఎట్ల నేర్పాలి? కేసు పెడితే విశ్వాసం తగ్గినట్టా?

ప్రశ్న (దేవరకొండ యూత్):
అందరికీ వందనాలు. మా సంఘం యూత్‌కు వచ్చే నాలుగు ఆదివారాలు మత్తయి 5:38–48 మీద పాఠం ఉంది (చెంప మీద కొడితే మరో చెంప చూపు, ఒక మైలు రమ్మని బలవంతం చేస్తే రెండు మైళ్లు పో అని యేసు చెప్పిన భాగం). వాళ్లు ఏం అడుగుతారో ముందే తెలుసు. చెంప చూపిస్తే మెత్తగా ఉన్నాడని రేపు పొలం గెట్టు కూడా జరుపుతారు గదా? కొట్టినోని మీద స్టేషన్‌లో దరఖాస్తు ఇస్తే 1 కొరింథీ 6 ప్రకారం (విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకు పోవద్దని పౌలు రాసిన చోటు) తప్పా? ఇదే నల్లగొండ జిల్లాలో వెట్టి మీద 1946–51లో జనం తుపాకులు పట్టారు, వాళ్లను ఏమనాలి? ‘ప్రేమించండి’ అని ప్రార్థన చేసి పంపిస్తే గుమ్మం దాటేసరికి మరిచిపోతారు. వాక్యానికి దగ్గరగా ఉంటూ, చేయడానికి పని దొరికేటట్టు ఎట్ల చెప్పాలో వివరంగా రాయండి.

జవాబు (వాక్య పాఠకుడు, నాగర్‌కర్నూల్):
మత్తయి రాసింది ‘కుడి చెంప’. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి చూపించండి. కుడిచేతి అరచెయ్యి పడేది ఎదుటివాని ఎడమ చెంప మీద. కుడి చెంప మీద పడాలంటే చెయ్యి తిప్పి వెనకవైపుతో కొట్టాలి. అందులో నొప్పి తక్కువ, అవమానం ఎక్కువ. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో (బావా కమ్మా 8:6) చెంపదెబ్బకు 200 జూజులు (వెండి నాణేలు) కట్టాలని ఉంటే, చెయ్యి తిప్పి కొట్టినందుకు 400. అంటే యేసు మాట్లాడుతున్నది పైవాడు కిందివాణ్ని కించపరిచే దెబ్బ గురించి. ఆ దెబ్బ తిన్నవాడు తల దించుకొని పోవద్దు, చెయ్యి ఎత్తొద్దు, అక్కడే నిలబడాలి. యోహాను 18:22–23 కూడా చదివించండి. బంట్రోతు కొడితే యేసు ఊరుకోలేదు, నేనన్నదాంట్లో తప్పేంది, ఎందుకు కొట్టినవని అడిగాడు.

ఇక మైలు. బలవంతంగా నడిపించడానికి అక్కడున్న గ్రీకు మాటే కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయించిన చోటా (మార్కు 15:21) ఉంది. రోమా సైనికుడు దారిన పోయేవాణ్ని ఆపి మూట మోయించేవాడు. నల్లగొండ, పాలమూరు జనానికి ఇది విప్పి చెప్పక్కర్లేదు, అది వెట్టే. రోమా మైలు సుమారు 1,480 మీటర్లు. మొదటి మైలు వాడు నడిపించింది, రెండోది నువ్వు నడిచింది. వెట్టి న్యాయమని యేసు ఎక్కడా అనలేదు. అందుకే ఆనాడు తుపాకి పట్టినవాళ్లకు తీర్పు చెప్పే పాఠంగా దీన్ని మార్చొద్దు. వాళ్లు ఎదిరించిన అన్యాయం నిజమని ముందు ఒప్పుకోండి. శిష్యునికి యేసు ఇచ్చిన దారి వేరని ఆ తర్వాత చెప్తే పిల్లలు వింటారు.

జవాబు (సంఘ చరిత్ర, నల్లగొండ):
పైన రాసింది బాగుంది గాని పాఠమంతా కుడి చెంప మీదే నిలబెట్టొద్దు. లూకా 6:29లో ‘కుడి’ అన్న మాట లేదు. ఎవడో ఒక పిల్లవాడు అది చూపిస్తే పాఠం కూలిపోతుంది. కీడుకు ప్రతికీడు చేయొద్దనే రోమా 12:17–21 కూడా జతగా చదివించండి.

మనవాళ్లకు ఇది కొత్త బోధ కాదు. 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్. కత్తి పట్టబోమని 16వ శతాబ్దం నుంచి చెప్తూ, చంపబడుతూ వచ్చిన సంఘాల సంతతి అది. వాళ్లలో 1569లో హాలండ్‌లోని ఆస్పెరెన్‌లో కాల్చి చంపిన డిర్క్ విల్లెమ్స్ గురించి చెప్పండి. జైలు నుంచి తప్పించుకొని మంచు కట్టిన నీళ్ల మీద పరుగెత్తాడు. తరుముతున్నవాడు మంచు పగిలి మునిగిపోతుంటే వెనక్కి వచ్చి పైకి లాగాడు, దొరికిపోయాడు. ఈ కథ చెప్పేవాళ్లు ఒక్క ముక్క వదిలేస్తారు: ఆయన ముందు జైలు నుంచి పారిపోయాడు. పారిపోవడం విశ్వాసం తగ్గడం కాదు. మత్తయి 10:23 పారిపొమ్మనే చెప్తుంది, పౌలు గంపలో గోడ దిగాడు (అపొస్తలుల కార్యములు 9:25). స్థిరంగా ఉండడమంటే ప్రాణం పోగొట్టుకునే చోటు వెతుక్కోవడమని పిల్లలు అనుకోకూడదు.

జవాబు (సంఘపెద్ద, జడ్చర్ల వైపు):
గెట్టు పంచాయితీ సంగతి. మన దగ్గర ఇది తొలకరికి ముదురుతుంది. దున్నేటప్పుడు ఏటా ఒక్క సాలు అవతలికి జరుగుతుంది, గెట్టు సన్నబడి చివరికి కాలు పెట్టే జాగ ఉండదు. ఒకరోజు పార ఎత్తుతారు. అహింస పని చేయాల్సింది పార ఎత్తిన రోజు కాదు, ఆరు నెలల ముందు. పంట తీసినంక, ఎండాకాలంలో మీసేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలిపించే) దరఖాస్తు పెట్టండి. పాసుబుక్కు, సర్వే నంబరు కావాలి. మండల సర్వేయర్ పక్క రైతులకు నోటీసు ఇచ్చి టిప్పన్ (పాత సర్వే కొలతల కాగితం) ప్రకారం కొలుస్తాడు, పంచనామా రాస్తాడు. పత్తి నిలబడి ఉన్నప్పుడు కొలత సరిగ్గా రాదు, హద్దురాళ్లు కనబడవు. నోటీసు వచ్చేలోపే అవతలి రైతును కలిసి, ‘అన్నా, ఇద్దరి కోసం కొలిపిస్తున్న’ అని చెప్పాలి. నోటీసుతోనే తెలిస్తే అది యుద్ధం ప్రకటించినట్టే ఉంటది.

రాజీకి కూర్చోవడం: ఎవరి ఇంట్లోనూ కాదు, రాత్రి అసలే కాదు, తాగినవాడు ఉంటే ఆ రోజు వాయిదా. పక్షానికి ఇద్దరు చాలు. ఒకరు చెప్పింది రెండోవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి, ‘అవును, నేనన్నది అదే’ అని మొదటివాడు ఒప్పుకున్నాకే రెండోవాని వంతు. ఎక్కువ సమయం ఇక్కడే పడుతుంది, ఇక్కడే మెత్తబడతారు కూడా. ఒప్పందం తెలుగులో రాసి, చదువురాని వాళ్లకు చదివి వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. తరచూ చెడేది రెండుచోట్ల: తప్పు (జరిమానా) కట్టించి పెద్దమనుషులే ఆ పైసలు తినడం, ఆరాధనలో అందరి ముందు చేతులు కలిపించడం. మత్తయి 18:15 మొదలయ్యేది ఒంటరిగా పోయి మాట్లాడటంతో.

జవాబు (స్త్రీల కూడిక, మహబూబ్‌నగర్):
ఇంట్లో దెబ్బలు తినే ఆడబిడ్డకు ‘మరో చెంప చూపు’ అని చెప్పకండి. ఒక్క వాక్యంగానైనా దీన్ని మీ పాఠంలో పెట్టండి, ఎందుకంటే రేపటి పాస్టర్లు, మొగుళ్లు మీ యూత్‌లోనే ఉన్నారు. ఆమె పిల్లలను తీసుకొని బయటికి రావడం అవిధేయత కాదు. స్త్రీల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు, జిల్లా కేంద్రంలో బాధిత స్త్రీలకు సాయం చేసే సఖి సెంటర్ ఉంది. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడం ఇక్కడ పనికిరాదు. ఆయన ముందు ఆమె నిజం చెప్పదు, చెప్తే ఆ రాత్రి ఇంట్లో మళ్లీ దెబ్బలు.

దేవరకొండ యూత్:
చాలా ఉపయోగం. కేసు మాట, నిజంగా కొట్లాట మొదలైతే చేయాల్సింది కూడా చెప్పండి.

జవాబు (న్యాయవాది, కల్వకుర్తి):
1 కొరింథీ 6 సంఘస్థుల మధ్య చిన్న వ్యవహారాల గురించి. పౌలే తన పౌరసత్వం చూపించాడు (అపొ. 16:37), కైసరుకు అప్పీలు చేశాడు (25:11). పగ తీర్చుకోవడానికి అబద్ధం కలిపి రాసిన దరఖాస్తు మాత్రం కర్రతో కొట్టినట్టే. చిన్న గాయం కేసులు లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అత్యాచారం, 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వచ్చేవి సంఘంలో కూర్చొని మాఫీ చేసేవి కావు.

కొట్లాట మొదలైతే ఎదుటివాణ్ని పట్టుకోవద్దు, మనవాణ్ని మనం పట్టుకోవాలి. ఆపడానికైనా అవతలివాని కాలర్ పట్టుకుంటే వాళ్లవాళ్లు దూకుతారు. అరచేతులు కనబడేట్టు తెరిచి, మనవాని ముందు నిలబడి, ఒక్కో అడుగు వెనక్కి నడిపించండి. ఒకరే మాట్లాడాలి, గొంతు తగ్గించి. వీడియో తీసి గ్రూపులో పెట్టొద్దు, గంటలో పక్క ఊరి వాళ్లు కర్రలతో వస్తారు. యూత్‌ను ముగ్గురు ముగ్గురుగా చేసి పావుగంట ఇదే చేయించండి. మొదటిసారి అందరి చేతులూ తెలియకుండానే పిడికిలి పడతాయి, మళ్లీ చేయించండి.