లాఠీకి బదులు దుడ్డుకర్ర అనవచ్చునా?

‘లాఠీఛార్జి’కి బదులు ‘దుడ్డుకర్రలతో దాడి’ అని రాస్తే అచ్చతెలుగుగా ఉంటుంది కదా అని ఒక మిత్రుడు అడిగారు. ఆ మార్పు కుదరదని నా అభిప్రాయం.

లాఠీ మనకు హిందీ నుంచి వచ్చింది. దానికి మూలం ప్రాకృతంలోని ‘లట్ఠి’, దాని వెనుక సంస్కృత ‘యష్టి’. హిందీలో ముసలివారి చేతికర్రా లాఠీయే, పశువుల కాపరి కర్రా లాఠీయే. తెలుగులోకి వచ్చాక ఆ మాట పోలీసుల చేతిలో ఉన్నదానికే పరిమితమైంది. చిత్తూరు పల్లెల్లో తాత చేతికర్రను లాఠీ అంటే విన్నవారు నవ్వుతారు. ‘జిస్‌కీ లాఠీ ఉస్‌కీ భైంస్’ అనే హిందీ సామెతకు సాటి అయిన మన ‘బడితె ఉన్నవాడిదే బర్రె’లో ఉన్నది బడితె, లాఠీ కాదు. సాము చేసేవారిది కర్రసామే. వెదురు పోయి ఫైబరు వచ్చినా పోలీసు లాఠీ లాఠీగానే ఉన్నది, ఎందుకంటే పట్టుకున్నవారిని బట్టి దానికి ఆ పేరు నిలిచింది.

దుడ్డుకర్ర అంటే లావుపాటి కర్ర, అది ఎవరి చేతిలోనైనా ఉండవచ్చు. (మన వైపు దుడ్డంటే డబ్బు కూడా కనుక ‘దుడ్డుకర్రలతో దాడి’ అన్న శీర్షికను చూసి ఎవరైనా లంచం సంగతి అనుకున్నా ఆశ్చర్యం లేదు.) 1928 అక్టోబరు 30న లాహోరులో, సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో లాలా లజపతి రాయ్ లాఠీదెబ్బలు తిని, నవంబరు 17న మరణించారు. ఆ వాక్యంలో దుడ్డుకర్ర అని రాస్తే, కొట్టింది ప్రభుత్వ పోలీసులన్న సంగతిని మళ్లీ విడిగా చెప్పవలసి వస్తుంది.

తిరుపతిలో తమిళ పత్రికలు చదివేవారికి లాఠీఛార్జికి తమిళంలో వాడే ‘తడియడి’ పరిచితమే: తడి అంటే కర్ర, అడి అంటే దెబ్బ. తమిళ వాడుకలో ఆ సమాసం స్థిరపడింది కనుక వారికి చెల్లింది. కన్నడిగులు మాత్రం లాఠీని ఉంచుకొని, దెబ్బ అనే అర్థంలో ‘ప్రహార’ను చేర్చుకున్నారు.

నాకు అసలు అభ్యంతరం మన పత్రికల ‘లాఠీ ఝుళిపించారు’ అనే మాట మీద. ఝుళిపించడమంటే గాలిలో ఆడించడం. దెబ్బ ఎవరికైనా తగిలిందో లేదో ఆ క్రియ చెప్పదు, పైగా కొట్టినప్పుడూ బెదిరించినప్పుడూ అదే రాస్తారు. ‘స్వల్ప లాఠీఛార్జి’ మరీ విడ్డూరం, ఆ స్వల్పత్వాన్ని దెబ్బ తిన్నవారిని అడిగి రాయరు కదా! చట్టంలో లాఠీ ప్రస్తావనే లేదు: పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 129వ సెక్షన్ గానీ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 148వ సెక్షన్ గానీ, చెదిరిపొమ్మని ఆదేశించినా కదలని గుంపుపై బలప్రయోగం గురించే చెబుతాయి. కాబట్టి కొట్టి ఉంటే ‘పోలీసులు లాఠీలతో కొట్టారు’ అని, కొట్టకుంటే ‘లాఠీలు చూపి చెదరగొట్టారు’ అని రాయడం మేలు.