పొట్టకు పైపు వేయించాలా, ఇంకో ఆరు నెలలు థెరపీతోనే చూడాలా?

చిన్నోడి అమ్మ, ఖమ్మం:
అందరికీ నమస్కారం. మా బాబుకు మూడేళ్లు నిండాయి. సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాలు మెదడు చెప్పినట్టు కదలవు. తొమ్మిది కిలోలు కూడా లేడు. పూటకు గంట, గంటంబావు పడుతుంది తినిపించడానికి. మెత్తగా పిసికిన పప్పన్నం, రాగిజావ, అరటిపండు గుజ్జు తప్ప ఏదీ మింగలేడు. ఈ ఏడాదిలో మూడుసార్లు నెమ్ము చేసి ఆసుపత్రిలో ఉన్నాం. మూడోసారి డాక్టర్ గారు "ఇక పొట్టకు పైపు వేయించండి, పాలు నేరుగా పొట్టలోకే పోయొచ్చు" అన్నారు. రెండేళ్లుగా వెళ్తున్న థెరపీ సెంటర్‌లో మాత్రం "పైపు వేస్తే ఇక నోటితో తినడు, ఇంకో ఆరు నెలలు చూద్దాం" అంటున్నారు. అక్కడ చేయించేది బుగ్గలకు, చిగుళ్లకు బ్రష్‌తో మసాజ్, ఈల ఊదించడం, నాలుకకు తేనె రాయడం. పైపు మాట ఎత్తితే మా అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. నాకు రాత్రుళ్లు నిద్ర లేదు. ఎవరి మాట వినాలి?

పాప నాన్న, తెనాలి:
తొందరపడకు చెల్లెమ్మా. మా పాపకు పది నెలలప్పుడు ముక్కులో పైపు పెట్టారు, తర్వాత పొట్టకు మార్చారు. నోట్లో చుక్క కూడా వేయొద్దన్నారు. మేము అలాగే చేశాం. ఇప్పుడు ఆరేళ్లు. మింగగలదని పరీక్షలో తేలింది, కానీ స్పూన్ పెదవి దగ్గరకు తెస్తే చాలు, ఓకరిస్తుంది. పండక్కి ఇంట్లో అందరూ బొబ్బట్లు తింటుంటే తను ముఖం తిప్పుకుని కూర్చుంటుంది. పైపు ప్రాణం కాపాడింది, కాదనను. కానీ తిండి మీద ఆశ పోయింది. ఆ ఆశ తిరిగి తేవడం ఎంత కష్టమో నన్ను అడుగు.

ఇద్దరు పిల్లల అమ్మ, డల్లాస్:
నేను అన్నయ్య గారితో ఏకీభవించను. మా పెద్దవాడికి నాలుగో ఏట వేయించాం. అప్పటిదాకా నా రోజంతా గిన్నె, స్పూన్, వాడి ఏడుపు. ఇప్పుడు సిరంజితో పాలు పోయడానికి ఇరవై నిమిషాలు. మిగతా టైమ్‌లో వాడితో ఆడుకుంటున్నాను. కష్టాలు దాచను: పైపు చుట్టూ ఎర్రటి కండ పెరిగింది, ఒక్కోసారి చొక్కా తడిసేలా కారుతుంది, మొదటి రెండు నెలలు వాంతులు ఎక్కువయ్యాయి. అయినా ముందే వేయించి ఉంటే బాగుండేదనిపిస్తుంది. వాడు ఇప్పటికీ నా చేత్తో రెండు స్పూన్ల పెరుగన్నం తింటాడు.

స్పీచ్ థెరపిస్ట్, విశాఖ:
అమ్మా, మీ పోస్ట్‌లో నాకు భయం కలిగించింది ఒక్కటే. పైపు గురించి ఇంత మాట్లాడుకున్నా, బాబు మింగేది ఎటు పోతోందో చూసినట్టు ఎక్కడా లేదు. పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు" అని తల మీద తట్టి ఊరుకుంటాం. పొలమారినప్పుడు వచ్చే దగ్గు నిజానికి మంచిదే, గాలిగొట్టం తనను తాను కాపాడుకుంటోందని అర్థం. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఆ దగ్గు కూడా రాదు. జావ చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పైకి హాయిగా తిన్నట్టే ఉంటుంది, పది రోజులకు జ్వరం, ఆయాసం. మూడుసార్లు నెమ్ము అంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

దీనికి వీడియోఫ్లోరోస్కోపీ అనే పరీక్ష ఉంది. తిండిలో ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే మందు కలిపి తినిపిస్తూ కదిలే ఎక్స్‌రే తీస్తారు. ఏ చిక్కదనం దగ్గర తప్పు దారి పడుతోంది, తల ఎలా ఉంచితే సరిగ్గా దిగుతోంది అన్నది కళ్లతో చూడవచ్చు. అది చూడకుండా "ఆరు నెలలు ఆగుదాం" అనడం నాకు సరిగా అనిపించడం లేదు.

థెరపీ గురించి కూడా చెప్పాలి. మసాజ్‌కు, ఈలకు నేను వ్యతిరేకిని కాను, నోటి దగ్గరకు చెయ్యి వస్తేనే బెదిరే పిల్లలకు అలవాటు చేయడానికి పనికొస్తాయి. కానీ ఒడ్డున కూర్చుంటే ఈత రాదు. మింగడం నేర్చుకోవాలంటే మింగాలి, అదీ ప్రమాదం లేని చిక్కదనంలో, సరిగ్గా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా. నడుము, మోకాళ్లు వంచి కూర్చోబెట్టి, పాదాలకు ఆధారం ఇచ్చి, తల వెనక్కి వాలకుండా పట్టుకోవాలి. ముందు స్పూన్ మింగాడని చూశాకే తర్వాతిది. ఒక పూట భోజనం మాటిమాటికీ అరగంట దాటుతోందంటే అదే ఒక హెచ్చరిక. మీకు గంటంబావు అవుతోంది.

జావ చిక్కదనం కంటితో అంచనా వేయొద్దు. పొద్దున వేడిగా ఉన్న జావ, మధ్యాహ్నం చల్లారిన జావ ఒకటి కాదు. సూది లేని 10 మి.లీ. సిరంజి తీసుకోండి, సున్నా నుంచి పది గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉండేది. కింద వేలు అడ్డుపెట్టి 10 మి.లీ. జావ నింపి, వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టండి. 1 మి.లీ. కూడా మిగలకపోతే నీళ్లంత పలుచన. 4 నుంచి 8 దాకా మిగిలితే రెండో స్థాయి, 8 దాటి మిగిలితే మూడోది, అసలు కారకపోతే నాలుగోది. ఇడ్సీ అనే అంతర్జాతీయ కొలత ఇది. బాబుకు ఏ స్థాయి మంచిదో పరీక్షే చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెప్పకూడదు.

అమ్మమ్మ, నిజామాబాద్:
మా కాలంలో కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోసి ఐదుగురిని పెంచాను తల్లీ. ఏ పైపులూ లేవు. మనవడి నోట్లో అన్నం పెట్టుకోలేకపోతే మీ అత్తగారి మనసు ఎంత కోసుకుపోతుందో నాకు తెలుసు.

స్పీచ్ థెరపిస్ట్, విశాఖ:
అమ్మమ్మ గారూ, మీ ప్రేమను కాదనలేను. కానీ ఆ ఐదుగురికీ గొంతు కండరాలు సరిగ్గా పనిచేశాయి. ఈ బాబును వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే అది గాలిగొట్టంలోకే దారి. ముక్కు మూసి పోయడం ఇంకా ప్రమాదం. దయచేసి ఎవరూ చేయొద్దు.

పాప నాన్న, తెనాలి:
మేడమ్, పైపు మంచిదని చెప్పడానికి గట్టి ఆధారం ఉందా? నోటితో తినే పిల్లలను, పైపు వేసిన పిల్లలను చీటీ తీసినట్టు విడదీసి పోల్చిన అధ్యయనం ఒక్కటీ దొరకలేదని 2013లో, వైద్య అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్షే చెప్పింది కదా.

స్పీచ్ థెరపిస్ట్, విశాఖ:
నిజమే అన్నా. అలాంటి ఆధారం లేదు. ఉన్నది ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 2005లో రాసిన అధ్యయనం లాంటివి. పైపు వేసిన 57 మంది పిల్లలను గమనించారు. బరువు బాగా పెరిగింది, తినిపించే సమయం తగ్గింది, ఛాతీ సమస్యలు పెరగలేదు. పోల్చడానికి రెండో గుంపు లేదు కాబట్టి ఇది తిరుగులేని ఆధారం అనను. పైపు వేస్తే నెమ్ము రానే రాదని కూడా అనను. లాలాజలం, పొట్టలోంచి పైకి తన్నుకొచ్చే పాలు అటే పోవచ్చు.

మీ పాప విషయంలో మాత్రం నాకు చాలా బాధగా ఉంది. పైపు ఉన్నా, పరీక్షలో వీలు కనిపిస్తే రోజూ నాలుకకు రుచి చూపించాలి, అందరితో పాటు కూర్చోబెట్టి స్పూన్ చేతికివ్వాలి. ఆశ పోయింది పైపు వల్ల కాదు, నోరు అన్నాళ్లు ఊరికే ఉండడం వల్ల.

పాప నాన్న, తెనాలి:
ఆ మాట మాకు ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు మేడమ్. "ఏమీ పెట్టొద్దు" అన్నారు, అంతే. నా మొదటి మాట కొంచెం మార్చుకుంటాను చెల్లెమ్మా. వేయించుకో, వేయించుకోకు అని నేను చెప్పను. వేయిస్తే మాత్రం నోటికి ఎవరు, ఎప్పటి నుంచి థెరపీ ఇస్తారో ఆపరేషన్‌కు ముందే రాయించుకో. ఖర్చుకు నిరామయ ఆరోగ్య బీమా కార్డు తీసుకున్నారా? సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఏడాదికి లక్ష దాకా ఉంటుంది, థెరపీకి కూడా కొంత వస్తుంది. జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి పిల్లలను చూసే డీఈఐసీ అనే ప్రభుత్వ కేంద్రం ఉంటుంది, అక్కడా అడుగు.

చిన్నోడి అమ్మ, ఖమ్మం:
అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న సిరంజితో చూశాను. నేను చిక్కగా ఉందనుకున్న జావ మొత్తం కారిపోయింది, అర మి.లీ. కూడా మిగల్లేదు. రెండేళ్లుగా అదే పోస్తున్నాం. చాలాసేపు ఏడ్చాను. హైదరాబాద్‌లో వచ్చే గురువారం పరీక్షకు టైమ్ ఇచ్చారు. పైపు సంగతి ఆ తర్వాతే. బాబుకు అలవాటైన స్పూన్, గిన్నె, ఇంటి జావ తెచ్చుకోమన్నారు. లోపలికి ఒక్కరినే రానిస్తారట. నేను బయట ఉంటానని, అత్తయ్యనే వాడి పక్కన కూర్చోమన్నాను. వాడికి రోజూ తినిపించేది ఎక్కువగా ఆవిడే. మొదట ఒప్పుకోలేదు. ఇందాకే వచ్చి "తెర మీద కనిపిస్తుందన్నావు కదా, నాకు అర్థమయ్యేలా చెబుతారా?" అని అడిగారు.

స్పీచ్ థెరపిస్ట్, విశాఖ:
చెబుతారమ్మా. కాస్త ఆపి మళ్లీ చూపించమని ఆవిడనే అడగమనండి.