బొమ్మ సైనికుల నీలం కోటు మీద తెల్ల పట్టీలు నీట్‌గా రావాలంటే ఎలా?

1815 నాటి వాటర్లూ యుద్ధాన్ని మా ఫ్రెండ్స్ అందరం టేబుల్ మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆటగా ఆడాలనుకుంటున్నాం. ఫ్రెంచ్ పదాతి దళం నా వంతు. 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మలు, నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత), అక్రిలిక్ రంగులు.

ముదురు నీలం కోటు బాగానే వస్తోంది. చిక్కంతా ఛాతీ మీద ఇంటూ గుర్తులా వెళ్లే తెల్ల పట్టీలతోనే. ఒక్క పూతకి కింది నీలం కనిపిస్తుంది, రెండో పూతకి సుద్ద పూసినట్టు గరుకుగా తేలుతుంది. పైగా కోటు ముందు భాగమూ తెలుపే కాబట్టి రెండూ కలిసిపోయి, పట్టీ ఎక్కడుందో తెలియడం లేదు.

ముందు లేత బూడిద రంగు వేసి, అంచుల్లో దాన్ని వదిలేసి మధ్యలో తెలుపు దిద్దితే సరిపోతుందా? లేక తెల్ల ప్రైమర్‌తో మొదలుపెట్టి నీలమే చుట్టూ నింపడం తేలికా? మీలో పెద్ద బెటాలియన్లు పూర్తి చేసినవాళ్లు చెప్పండి. ఒక్క బొమ్మకి ఎంత ఓపికైనా పడతాను గానీ, ఇక్కడ వరుసలకి వరుసలే ఉన్నాయి.

ఇంకోటి: ఒకరి ఆట రూల్స్‌లో చనిపోయిన సైనికుణ్ణి విడిగా తీసేయాలి, ఇంకొకరి రూల్స్‌లో గుంపుగా ఒకే బేస్ (బొమ్మల కింద ఉండే పీట) మీద ఉండాలి. విడి బేసుల కింద అయస్కాంతం పెట్టి, ఇనుప రేకు అతికించిన ట్రేలో నిలబెడితే జరిపేటప్పుడు కదలకుండా ఉంటాయా?