ధ్యాస పళ్ళెం దగ్గరా, బియ్యం డబ్బా దగ్గరా?

గోదారిగట్టు
మా అన్నయ్యకు ఆఫీసువాళ్ళు చేయించిన పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 6.1 వచ్చింది. ఇంకా షుగరు కాదు గానీ గుమ్మంలో ఉన్నట్టే. 5.7 నుంచి 6.4 దాకా ఆ లెక్కే కదా. డాక్టరు మందులు రాయలేదు, తిండి చూసుకోమని పంపేశారు. ఎలా చూసుకోవాలన్నదాని మీదే ఇప్పుడు ఇంట్లో గొడవ.

వదిన ఫోన్‌లో యాప్ వేసింది. తిన్న ప్రతిదీ కప్పుల్లో, గ్రాముల్లో రాయాలంటుంది. నాన్నగారేమో, "మేమెన్నడైనా తూచుకుని తిన్నామా? టీవీ కట్టేసి, నెమ్మదిగా నమిలి, ఆకలి తీరగానే లేస్తే చాలు" అంటారు. అన్నయ్య ఇద్దరికీ తలూపి రెండు పూటలా ఎప్పట్లాగే తింటున్నాడు.

రోజువారీ తిండి మారాలంటే ధ్యాస చాలా, కొలత కావాలా? మీ ఇళ్ళల్లో నాలుగు కాలాలు నిలిచిన పద్ధతి చెప్పండి. వాట్సాప్‌లో తిరిగే కాకరకాయ రసాలు వద్దు.

కొలతగిన్నె
నేను మీ వదినగారి పక్షం. "నేను తినేదెంత, రెండు ముద్దలు" అనని మనిషిని నేనింతవరకు చూళ్ళేదు. తూచేదాకా ఎవరికీ తెలీదు.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు ఇచ్చింది. రోజుకు 2000 కెలోరీల లెక్కన ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులు 85, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. ఆ 250 పచ్చి బియ్యం తూకం, వండిన అన్నం కాదు. పొద్దున ఇడ్లీ రవ్వ, రాత్రి చపాతీ పిండి కూడా అందులోంచే రావాలి. మీ ఇంట్లో మనిషికి ఎంత బియ్యం పోస్తున్నారో ఒక్కసారి తూచి చూసి చెప్పండి.

నూనె లెక్క ఇంకా చిత్రం. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. సరుకుల చీటీ తీస్తే చాలు, యాప్ కూడా అక్కర్లేదు.

విస్తరి
తార్నాకవారి మీద నాకు గౌరవమే. కానీ కంచం ముందు కూర్చుని ఫోన్‌లో గ్రాములు నొక్కుకోవడం కూడా ఫోన్ చూడడమే కదా బాబూ! మా చిన్నప్పుడు పీట వేసుకుని, విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, ఔపోశన పట్టి మొదలుపెట్టేవారు. భోజనానికి ఒక మొదలూ తుదీ ఉండేవి. ముందు పప్పూ నెయ్యీ, తర్వాత కూర, పచ్చడి, చారు, చివర మజ్జిగ. మజ్జిగ వచ్చిందంటే భోజనం అయిపోయినట్టే. ఇప్పుడు తిండికి ముగింపే లేదు. సోఫాలో మొదలై మంచం మీద అవుతుంది. మీ నాన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

జొన్నరొట్టె
విస్తరి సారూ, కోప్పడొద్దు. మీరు చెప్పిన ఆ వరసలోనే ఉంది తంటా అంతా. పప్పుకు కొంచెం అన్నం, కూరకు కొంచెం, పచ్చడికి కొంచెం, చారుకు ఇంకొంచెం, మజ్జిగకు మళ్ళా. ఐదు అదరువులు, ఐదు మార్లు అన్నం. ధ్యాస పెట్టి తిన్నా ఐదు మార్లే గదా!

మా అనంతపురం పక్క వరి బువ్వ పండగ తిండి. రోజూ తినేది జొన్న రొట్టె, కొర్ర బువ్వ, రాగి సంగటి, ఊరిబిండి. 1983లో రామారావు ముఖ్యమంత్రి అయ్యాక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ వెనక ఇరవై ముప్పై ఏళ్ళలో మా ఇండ్లల్లో రొట్టె తట్టే చేతులు తగ్గిపోయినాయి. ఇప్పుడు అదే సంగటిని హైదరాబాదు హోటల్లో నాటుకోడి పులుసుతో ప్లేటు లెక్కన కొనుక్కుని తింటున్నాం. ఏం తినాలో పళ్ళెం ముందు కూర్చున్నాక తేల్చుకునేది కాదప్పా. రేషన్ షాపులో ఏమి ఇస్తున్నారు, చేన్లో ఏమి పండుతోంది, అక్కడే తేలిపోతుంది.

నైట్‌షిఫ్ట్
మీరంతా ఇంటి భోజనం గురించే మాట్లాడుతున్నారు. నేను గచ్చిబౌలిలో రాత్రి షిఫ్ట్. నా "లంచ్" తెల్లవారుజామున రెండింటికి. ఎదురుగా ఉండేవి మూడే: టీ మిషన్, బిస్కట్ల డబ్బా, ఆర్డర్ పెట్టే యాప్. మిషన్ టీకి రెండు చెంచాల పంచదార అంటే పది గ్రాములు దాకా. షిఫ్ట్‌లో నాలుగు తాగితే నలభై. అదే తార్నాక పుస్తకం రోజుకు పాతిక దాటొద్దంటోంది. నేనింకా అన్నం ముట్టుకోనే లేదు!

కొలతగిన్నె అన్నా, ధ్యాస పెట్టే ఓపిక, కొలిచే ఓపిక రెండూ నిద్రున్నప్పుడే ఉంటాయి. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం ఇరవై మందిని ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. ఎదుట పెట్టిన తిండిలో కెలోరీలు, చక్కెర, ఉప్పు, కొవ్వు రెండు వైపులా సమానమే. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి వారాల్లో రోజుకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా తిన్నారు. వాళ్ళేమీ పరధ్యానంలో ఉండి కాదు. తిండే అలా ఉంది.

కొలతగిన్నె
@నైట్‌షిఫ్ట్ మరి ఆ నలభై గ్రాములు కూడబెట్టి చెప్పారుగా, అది కొలత కాదా?

నైట్‌షిఫ్ట్
కొలత వల్ల నాకు తెలిసింది, నిజమే. మానేసింది మాత్రం దానివల్ల కాదు. మా బే పక్కనున్న టీ మిషన్ పాడైంది, పై అంతస్తు దాకా వెళ్ళడానికి బద్ధకం. ఇప్పుడు రెండు టీలు.

చల్దన్నం
ఇన్ని లెక్కలెందుకండీ, చిన్న పళ్ళెం వాడితే సరి. పెద్ద పళ్ళెంలో తింటే ఎక్కువ తింటారని అమెరికా యూనివర్సిటీవాళ్ళు నిరూపించారుగా.

ఓపీ గది
నేను జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని. చిన్న పళ్ళెం మాటను జనంలోకి బాగా తీసుకెళ్ళినవారు కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బ్రయాన్ వాన్సింక్. 2018 సెప్టెంబరులో జామా వైద్య పత్రికలు ఆయనవి ఆరు వ్యాసాలు వెనక్కి తీసుకున్నాయి. మర్నాడే విశ్వవిద్యాలయం ఆయన పరిశోధనలో అక్రమాలున్నాయని తేల్చింది, ఆయన తప్పుకున్నారు. చిన్న పళ్ళెం వాడొద్దనను, వాడండి. "నిరూపించారు" అని మాత్రం అనకండి. పైగా మన ఇళ్ళల్లో పళ్ళెం సైజు దేనికీ హద్దు కాదు. మారు వడ్డిస్తారు కదా!

ఫోన్ సంగతిలో విస్తరి గారి మాటకు బలముంది. పరధ్యానంగా తినడం మీద జరిగిన 24 ప్రయోగాలను 2013లో ఒకచోట చేర్చి చూశారు. టీవీ చూస్తూ తిన్నవాళ్ళు ఆ పూట కొంచెం ఎక్కువ తిన్నారు, తర్వాతి పూట ఇంకా ఎక్కువ తిన్నారు. తిన్నది గుర్తుండకపోవడం ఒక కారణమంటారు. అందుకే నేను ఓపీలో "నిన్న ఏం తిన్నారు?" అని అడుగుతాను. సీరియల్ టైములో తిన్నది చాలామందికి గుర్తుకే రాదు.

కొలతగిన్నె గారికి ఒక మాట. కొలత అందరికీ పడదు. కాలేజీ వయసు ఆడపిల్లల్లో కొందరు యాప్‌తో మొదలుపెట్టి అన్నం చూస్తేనే భయపడే స్థితికి వస్తున్నారు. వాళ్ళకు నేనే యాప్ తీయించేస్తాను.

డాలస్ పప్పుచారు
ఇక్కడ పెరుగు డబ్బా మీద కూడా గ్రాములతో సహా రాసుంటుంది కాబట్టి యాప్ వాడడం తేలిక అనుకుంటారు. మన వంట దగ్గరికొచ్చేసరికి ఆటలు సాగవు. "గుత్తివంకాయ" అని కొడితే ఒకదానికొకటి పొంతన లేని అంకెలు నాలుగు చూపిస్తుంది. ఎవరింటి గుత్తివంకాయ? నూనె తేలేదా, ఆవిరి మీద మగ్గిందా?

2024 నుంచి ఇక్కడ ఒంటికి అంటించుకుని షుగరు చూసుకునే గ్లూకోజు సెన్సరు డాక్టరు చీటీ లేకుండా దొరుకుతోంది. నేను పెట్టుకున్నాను. అంకె చూశాక ఉప్మా విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాను. మా ఆవిడ పెట్టుకుంటే, అరటిపండు తిన్న ప్రతిసారీ గీత పైకి లేవడం చూసి పళ్ళు మానేసింది. ఆమెకు షుగరు లేదు, ఏమీ లేదు. ఓపీ గది గారు చెప్పింది మా ఇంట్లో కళ్ళారా చూశాను.

మారువద్దు
పొద్దుటినుంచి చదువుతున్నాను. తినేవాళ్ళ ధ్యాస గురించి ఇంత రాశారు. వండేవాళ్ళ ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

మా ఇంట్లో పళ్ళెం ముందు కూర్చున్న మనిషికి దాని మీద పెద్దగా అధికారమేమీ ఉండదు. నూనె ఎంతో పోపు దగ్గర తేలిపోయింది. ఉప్పు కూడా అప్పుడే. ఎంత అన్నం పడాలో గరిటె పట్టుకున్న మనిషి చేతిలో ఉంది. "చాలు" అంటే వినే ఇల్లెక్కడైనా ఉందా? చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందున వేస్తారు. వద్దంటే అత్తగారికి కోపం, వేయించుకుంటే షుగరు.

నా సంగతి ఇంకోటి. అందరూ లేచాక కూర్చుంటాను. గిన్నెలో మిగిలిన పప్పు, పిల్లాడు వదిలేసిన పెరుగన్నం, అడుగంటిన కూర. పారేస్తే పాపం, ఫ్రిజ్‌లో పెడితే రేపూ నేనే తినాలి. ధ్యాసగా నమిలి తిను అంటారు. నేను తినేదాన్ని నేనెంచుకుంటేగా!

అందుకని కొలత పళ్ళెం దగ్గర మానేసి బియ్యం డబ్బా దగ్గర పెట్టాను. అందులో వేసి ఉంచే గ్లాసు మార్చి చిన్నది వేశాను. కూర మాత్రం రెట్టింపు. నూనె నెలకు ఇంతని విడిగా ఒక డబ్బాలో పోసి పెడతాను. ఇరవయ్యో తారీఖుకే అడుగు కనిపిస్తే ఆ పది రోజులూ అప్పడాలు కాల్చినవే. ఆవకాయ జాడీ బల్ల మీంచి అల్మారాలోకి వెళ్ళింది. కావలసినవాళ్ళు లేచి తెచ్చుకుంటారు. చాలామంది లేవరు. అన్నం చాలలేదని మొదట్లో మాటొచ్చింది, కూర ఎక్కువుంది కాబట్టి సర్దుకుంది. ఎవరికీ యాప్ లేదు, ఎవరూ ధ్యానం చేయడం లేదు.

విస్తరి
బాగుందమ్మా. కానీ ఒక మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. ఇంటిల్లిపాది ఆరోగ్యం మళ్ళీ మీ నెత్తినే వేసుకున్నట్టు అవలేదా? కూర రెట్టింపంటే కూరలు తరగడమూ రెట్టింపే. మీరు పుట్టింటికి వెళ్ళిన వారం ఏమవుతుంది?

మారువద్దు
పెద్ద గ్లాసు వెతుక్కుంటారు. నిజమేనండీ, ఆ భారం ఉంది. కూరలు తరగడం ఇప్పుడు మావారి పని, అది మాత్రం గట్టిగా పట్టుబట్టాను. ఇంకా గరిటె తినేవాళ్ళ చేతికి వెళ్ళలేదు. వెళ్ళాలంటే గిన్నెలు బల్ల మీద పెట్టి ఎవరికి వాళ్ళు వడ్డించుకోవాలి. మా అత్తగారి దృష్టిలో అది పెళ్ళిళ్ళలో బఫేతో సమానం. నా తరంలో అవుతుందో లేదో.

కొలతగిన్నె
మీ పద్ధతి ఒప్పుకుంటున్నాను. నేను చెప్పేదీ కొలతేగా, చోటు మారిందంతే.

జొన్నరొట్టె
@మారువద్దు అక్కా, ఆ చిన్న గ్లాసుతో కొర్రలు పోసి చూడండి. ఒకటే హెచ్చరిక. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటినుంచి మా చుట్టాల్లో కొందరు "కొర్రలే గదా" అని రెండింతలు పెట్టించుకుంటున్నారు. నూరు గ్రాముల బియ్యంలో 350 కెలోరీల దాకా ఉంటే కొర్రల్లో 330. పీచు ఎక్కువ, మాంసకృత్తులు కొంచెం ఎక్కువ, అంతే. రెండింతలు తింటే ఏ ధాన్యమైనా ఒకటే.

గోదారిగట్టు
అందరికీ దండాలు. వదినకు ఈ చర్చంతా చదివి వినిపించాను. యాప్ తీసేయనంది. బియ్యం తూచడానికి మాత్రం ఒప్పుకుంది. తూస్తే మనిషికి పూటకు 180 గ్రాములు తేలింది. రెండు పూటలకు 360, టిఫిన్ కాక. నాన్నగారు కాసేపేమీ మాట్లాడలేదు, తర్వాత "త్రాసు సరిగ్గా ఉందా" అన్నారు.

రేపటినుంచి 110. అన్నయ్యకు ఒక్కడికే విడిగా కాదు, అందరికీ. ఆవకాయ జాడీ మీద ఇంకా రాజీ కుదరలేదు. నాన్నగారికి బీపీ కూడా ఉంది.

ఓపీ గది
బీపీ ఉంటే జాడీ సంగతే ముందు చూడండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. కూరలో, పప్పులో, చారులో, మజ్జిగలో పడేదంతా అందులోదే. ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి సమానంగా పోస్తారు కదా, దానికి చోటెక్కడ మిగులుతుంది? పూర్తిగా మానిపించకండి, దొంగచాటుగా తింటారు. పూటకు ఒక చిన్న బద్ద పెట్టి, మజ్జిగలో ఉప్పు తీసేయండి.

ఇది చదివే మిగతావారికి ఒకటి చెప్పాలి. ఈ అన్నయ్యగారికి మందుల్లేవు కాబట్టి బియ్యం తగ్గించినా భయం లేదు. ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దించే మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు గ్లాసు ఒక్కసారిగా మార్చకండి. అన్నం తగ్గి మందు అలాగే ఉంటే షుగరు పడిపోయి, చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. ముందు మీ డాక్టరుతో మోతాదు మాట్లాడుకోండి, తర్వాతే బియ్యం డబ్బా జోలికి వెళ్ళండి.